మేధో వైకల్యమున్న అమ్మాయికి ఉద్యోగం: జీతం, పింఛను, వీలునామా

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. మేధో వైకల్యం ఉంది. సదరం ధ్రువపత్రంలో 60 శాతం అని ఇచ్చారు. వృత్తి శిక్షణ పూర్తి చేసింది. హనుమకొండలో ఒక బేకరీ వారు ప్యాకింగ్ విభాగంలో రోజుకు ఐదు గంటల పనికి నెలకు 9,000 రూపాయలు ఇస్తామన్నారు. అందులో ఆటోకే 3,000 పోతుంది. పైగా ఆమె సంపాదిస్తోందని తేలితే మావారి పన్ను మినహాయింపు, ఆయన తదనంతరం ఆమెకు రావలసిన ఈపీఎఫ్ పింఛను రెండూ పోతాయని బంధువులు అంటున్నారు. మావారికి 56 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగం. ఇంజినీరింగ్ చదువుతున్న అబ్బాయి పేర ఇల్లు రాసి, అక్క బాధ్యత అతనికే అప్పగించాలనుకుంటున్నాం. ఈ పరిస్థితిలో ఆమెను ఉద్యోగానికి పంపవచ్చా?

జవాబు: పంపండి. ఆటోకు పోయే 3,000 రూపాయలను నేనైతే జీతంలోంచి తీసివేయను, మొదటి ఏడాది శిక్షణ ఖర్చు కింద రాస్తాను. మీ తరువాత ఆమె జీవనానికి ఎంత డబ్బు కావాలన్నది ఆమె తనంతట తాను ఎన్ని పనులు చేసుకోగలదన్నదాన్ని బట్టే ఎక్కువగా ఉంటుంది. రోజంతా తోడు మనిషి కావలసినవారికీ, పొద్దునా సాయంత్రం కాస్త సాయం ఉంటే సరిపోయేవారికీ నెల ఖర్చులో ఉండే తేడాను ఏ బ్యాంకు వడ్డీ పూడ్చలేదు.

ఆటో ఖర్చు కూడా ఎల్లకాలం ఉండనక్కరలేదు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం కనుక, మొదటి కొన్ని నెలలు మీరూ ఆమెతో పాటు బస్సెక్కి, ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ దిగాలో, దిగాక ఏ దారిన నడవాలో అలవాటు చేసి, ఆపైన వెనక సీటుకు మారి, ఆమెకు ధైర్యం వచ్చాక మానుకోవచ్చు. శిక్షణ ఇచ్చిన సంస్థ నుంచి ఒకరు మొదటి వారాల్లో బేకరీకే వచ్చి పక్కనుండి పని చూపించే ఏర్పాటు ఉందేమో అడగండి; దానికి రుసుము తీసుకున్నా ఇవ్వదగినదే. వృత్తి మార్గదర్శనం కోసం సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యమున్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీని కూడా సంప్రదించవచ్చు.

పన్ను విషయంలో బంధువుల భయానికి పెద్దగా ఆధారం లేదు. వైకల్యమున్న కుటుంబ సభ్యులను పోషించేవారికి ఇచ్చే, 80డీడీగా మనకు తెలిసిన మినహాయింపు పాత పన్ను విధానం ఎంచుకున్నవారికే దొరుకుతుంది. వైకల్యం 40 శాతానికి తగ్గకపోతే 75,000 రూపాయలు, 80 శాతం లేదా అంతకు మించితే 1,25,000 రూపాయలు తగ్గించుకోవచ్చు. ఆ వ్యక్తి పూర్తిగా గానీ ప్రధానంగా గానీ మీపై ఆధారపడి ఉండాలన్నది షరతు. ఏడాదికి 1,08,000 రూపాయలు సంపాదిస్తూ మీ ఇంట్లోనే ఉంటూ, తిండి, వైద్యం, సంరక్షణ అన్నీ మీ ఖర్చుతోనే జరుగుతున్న అమ్మాయి ప్రధానంగా మీపై ఆధారపడినట్లే. అయితే వైకల్యమున్నవారు తమ సొంత ఆదాయంపై కోరే 80యూ మినహాయింపును ఆమె తన పేర కోరకూడదు. ఆ ఆదాయానికి పన్నే పడదు కనుక కోరవలసిన అవసరమూ రాదు.

పింఛను లెక్క కాగితం మీద వేసి చూడండి. శాశ్వతంగా, పూర్తిగా వైకల్యమున్న సంతానానికి వయసుతో నిమిత్తం లేకుండా ఈపీఎస్ (ఈపీఎఫ్ కింద ఉండే పింఛను పథకం) పింఛను ఇవ్వాలన్న నిబంధన ఉన్న మాట నిజమే. ఉద్యోగం చేస్తే ఆ ‘పూర్తిగా’ అన్న షరతు మీద ప్రశ్న రావచ్చు. కానీ ఎంత మొత్తం కోసం ఈ భయం? 2014 నుంచి ఉన్న 15,000 రూపాయల వేతన పరిమితి మీద, మీవారికి 30 ఏళ్ల సర్వీసు ఉందనుకుంటే, అదనంగా కలిపే రెండేళ్లతో సహా ఆయన పింఛను మహా అయితే నెలకు సుమారు 6,850 రూపాయలు; 2014కు ముందరి సర్వీసుకు వేతన పరిమితి తక్కువ కనుక నిజానికి ఇంకా తగ్గుతుంది. పింఛను తీసుకుంటూ ఆయన మరణిస్తే మీకు అందులో సగం, సంతానానికి మీ పింఛనులో 25 శాతం, అంటే 860 రూపాయలు దాటదు. తల్లిదండ్రులిద్దరూ లేనప్పుడు మీకు రావలసిన ఆ పింఛనులో 75 శాతం, అంటే మహా అయితే 2,570 రూపాయలు. ఎప్పుడో రాబోయే ఈ కొద్దిపాటి మొత్తం కోసం ఇప్పుడు 9,000 రూపాయల పని వదులుకోమని నేను చెప్పను.

చేరే ముందు నియామక పత్రం రాతపూర్వకంగా తీసుకోండి, అదే పనికి, అన్ని గంటలకే మిగతావారికి ఎంత ఇస్తున్నారో మొహమాటపడకుండా అడగండి. బేకరీ ఈఎస్ఐ పరిధిలో ఉంటే ఆమె వాటా 0.75 శాతమే, నెలకు 68 రూపాయలు. దానికి ప్రతిగా వచ్చే వైద్య సదుపాయం, అనారోగ్యపు సెలవు భృతి విలువైనవి. మేధో వైకల్యం వంటివి ఉన్నవారి కోసం చట్టం ద్వారా ఏర్పడిన కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాలో కూడా నమోదు చేయించండి. ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉండే ఆ బీమాకు ముందస్తు వైద్య పరీక్షలు లేవు.

జీతం ఆమె ఖాతాలోనే పడాలి, అందులో కొంత ఆమె ఇష్టానికే వదలాలి. మీ ఖాతా నుంచి మరొకరు చెల్లించేందుకు వీలిచ్చే యూపీఐ సర్కిల్ ద్వారా నెలకు వెయ్యి రూపాయల పరిమితి పెట్టి, గాజులకో, స్నేహితురాలితో మిర్చి బజ్జీలకో ఆమెనే చెల్లించనివ్వండి. చిన్న మొత్తాల్లో మోసపోయినా ఫరవాలేదు, పక్కన మీరున్నారు.

ఇంటి విషయంలో మాత్రం మీ ఆలోచనతో ఏకీభవించను. అబ్బాయి ఎంత మంచివాడైనా, ఇప్పుడే దానపత్రం రాసిస్తే ఇల్లు అతనిది, బాధ్యత మాత్రం నోటిమాట. వీలునామా లేకుండా వదిలినా చిక్కే: హిందూ వారసత్వ చట్టం మీకు వర్తిస్తే ఆమెకు సమాన వాటా వస్తుంది గానీ, దాన్ని అమ్మాలన్నా, అద్దెకివ్వాలన్నా అడుగడుగునా సంరక్షకుల ప్రశ్న ఎదురవుతుంది. 18 ఏళ్లు నిండాక తల్లిదండ్రులు దానంతటదే సంరక్షకులు కారు కాబట్టి, కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద చట్టబద్ధ సంరక్షకత్వానికి దరఖాస్తు చేయండి. ఆ ధ్రువపత్రాన్ని బ్యాంకులు అంగీకరిస్తాయి.

ఆపైన మీరిద్దరూ విడివిడిగా వీలునామాలు రాసి, ఆమె వాటా ఒక ట్రస్టుకు చేరేలా చూడండి. లబ్ధిదారు ఆమె ఒక్కతే అని, వాటా ఇంత అని స్పష్టంగా ఉంటే ఆ ఆదాయంపై గరిష్ఠ రేటున కాక ఆమె శ్లాబు ప్రకారమే పన్ను పడుతుంది. ధర్మకర్తగా అబ్బాయి ఒక్కణ్నే పెట్టకుండా కుటుంబం బయటి నుంచి మరొకరిని కలపండి, అబ్బాయి వెచ్చించే సమయానికి కొంత ప్రతిఫలం కూడా రాయండి. వీలునామాలు రిజిస్టరు చేయించే ముందు ఈ సంగతులన్నీ అబ్బాయితో కూర్చుని మాట్లాడండి. అతని అంగీకారం ఎంతవరకు ఉందో ఇప్పుడే తెలిస్తే రెండో ధర్మకర్తను వెతకడానికి మీకు వ్యవధి ఉంటుంది.