పురుగుల నగలు మొదలుపెడుతున్న మనవరాలికి

హనుమకొండ

బిడ్డా,

నువ్వు పంపిన పన్నెండు బొమ్మలూ అందాయి. ఫోన్‌లో చిన్నగా కనబడుతుంటే మీ బాబాయితో ప్రింట్లు తీయించి, రెండు రోజులు పక్కన పెట్టుకుని చూశాను. నీ చెయ్యి మంచిది, గీత ఎక్కడా వణకలేదు. పురుగుల నగలే చేస్తానంటే ఇంట్లో అందరూ ముఖం చిట్లించారని రాశావు. వాళ్ల సంగతి తర్వాత చెబుతాను. ముందు నీ బొమ్మల సంగతి.

తేనెటీగ, తూనీగ, సీతాకోకచిలుక, పెండ పురుగు, అన్నీ రెక్కలు చాపి, కాళ్లు పరిచి, పైనుంచి చూసినట్టే ఉన్నాయి. సైన్సు ల్యాబులో అట్టకు గుండుసూదితో గుచ్చిన పురుగులు అలాగే ఉంటాయి. అవి ఏ పనీ చేయవు. మనుషులు వేల ఏళ్లుగా పురుగును ఒంటి మీద పెట్టుకున్నది అది చేసే పని చూసి. ఆ పని నగలో కనబడకపోతే కొన్న అమ్మాయి నాలుగు రోజులు పెట్టుకుని బీరువాలో పడేస్తుంది. నేను చెప్పాల్సిన అసలు మాట ఇదే, మిగతా ఉత్తరమంతా దీని చుట్టే.

పెండ పురుగునే తీసుకో. మన దగ్గర దాని పేరెత్తితే మొహం తిప్పుకుంటారు. చిన్నప్పుడు వానలు పడ్డాక నేనూ మీ తాతా పొలం గట్టు మీద బోర్లా పడుకుని దాన్ని చూసేవాళ్లం. ముందుకాళ్లు నేలకు ఆనించి, తల కిందకి పెట్టి, వెనకకాళ్లతో పెండ ఉండను తోస్తూ వెనక్కి నడుస్తుంది. గడ్డిపరక అడ్డం వస్తే ఉండ దొర్లిపోతుంది. దాంతోపాటు పురుగూ దొర్లుతుంది. మళ్లీ లేచి పట్టుకుంటుంది. ఈజిప్టు వాళ్లు కూడా చూసింది ఇదే. ఆకాశంలో సూర్యుడు దొర్లడం కూడా ఇలాంటిదేనని తోచి, పొద్దుటి సూర్యుడికి ఖెప్రి అని పేరు పెట్టి ఈ పురుగు రూపం ఇచ్చారు. మట్టిలో దాచిన ఉండలోంచి కొత్త పురుగు బయటికి రావడం చూసి, ఇది తనంతట తానే పుడుతుందని నమ్మారు. అలా మళ్లీ పుట్టడానికి గుర్తయింది. చనిపోయినవాళ్ల గుండె మీద రాతితో చెక్కిన పురుగును పెట్టేవాళ్లు. పైలోకంలో విచారణ జరిగేటప్పుడు నా గుండె నాకే ఎదురు సాక్ష్యం చెప్పకూడదు అన్న ప్రార్థన దాని మీద చెక్కించేవాళ్లు. 1922లో బయటపడ్డ టుటన్‌ఖామన్ సమాధిలోని పతకం ఫొటో వెతికి చూడు. నడుమ లేత పసుపుపచ్చ పురుగు ఉంటుంది. మొదట అందరూ రాయి అనుకున్నారు కానీ అది ఉల్క వేడికి ఎడారి ఇసుక కరిగి ఏర్పడిన గాజు.

నీ బొమ్మలో పెండ పురుగు ఉంది, ఉండ లేదు. ఉండ పెట్టు. మన గుండ్లపేరులో గుండులాగా బోలుగా చేసి, సన్నని శీల మీద వేలు తగిలితే తిరిగేట్టు బిగించు. పెట్టుకున్నామె ఊరికే కూర్చున్నప్పుడు దాన్ని తిప్పుతూ ఉంటుంది. ఆ నగ ఆమెకు అలవాటైపోతుంది.

ఈజిప్టు పనివాళ్ల దగ్గర ఇంకోటి నేర్చుకో. వాళ్లు కాళ్లను ఒంటికి అంటించి చెక్కారు, విడిగా వదల్లేదు. నాకు ఈ సంగతి నష్టపోయాక తెలిసింది. పెళ్లికి పెట్టుకోవడానికని ఒకామెకు వెండి తేనెటీగ బ్రోచ్ చేసిచ్చాను. ఆరు కాళ్లూ వెంట్రుకంత తీగతో, గాల్లో నిలబడేట్టు. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. పెళ్లిలో ఆమె పట్టుచీర కొంగు ఆ కాళ్లకు తట్టుకుని జానెడు పొడుగున పోగులు లేచాయి. మర్నాడు వచ్చి ఒక్క మాట అనకుండా చీర నా ముందు పరిచింది. రఫ్ఫు చేయించి ఇచ్చాను గానీ ఆ గీత పోలేదు. అప్పటినుంచి నా చేతి నుంచి ఏ వస్తువు బయటికి పోయినా ముందు పాత పట్టుగుడ్డ మీద నాలుగు వైపులా లాగి చూశాను. తర్వాత దూది మీద లాగాలి. కంటికి కనబడని మొనను దూది పట్టిస్తుంది. నీ మిడత కాళ్లు, సీతాకోకచిలుక మీసాలు ఈ రెండింటికీ నిలవవు. మీసాలను వెనక్కి వంచి రెక్కకు అతికించు.

ఇక తేనెటీగ. క్రీట్ దీవిలో మాలియా అనే చోట దొరికిన పతకం ఒకటుంది. దాదాపు 3,700 ఏళ్ల కిందటిది. ఐదు సెంటీమీటర్లు కూడా లేదు. రెండు తేనెటీగలు ఎదురెదురుగా వంగి నడుమ ఒక తేనె బొట్టును పట్టుకుని ఉంటాయి. కొందరు వాటిని కందిరీగలు అంటారు గానీ అది నాకు ముఖ్యం కాదు. ఆ వంపు చూడు. రెండు ఒళ్లూ కలిసి గుండ్రమైపోయాయి. ఒంటి మీద, బొట్టు మీద ఆవగింజ కంటే సన్నని బంగారు రవ్వలు అతికించారు. ఈ కాలపు టార్చి మంట లేని రోజుల్లో అంత సన్నని రవ్వ కరగకుండా ఎలా అతికించారో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. నీ తేనెటీగ ఒంటరిగా ఉంది. దానికి ఒక బొట్టో ఒక పువ్వో ఇవ్వు.

దీనికి పక్కన ఇంకో తేనెటీగ కథ పెట్టుకుని చూడు. 1653లో టూర్నే ఊళ్లో ఫ్రాంకుల రాజు చిల్డెరిక్ సమాధి తవ్వితే దాదాపు 300 బంగారు తేనెటీగలు దొరికాయి, రెక్కల్లో ఎర్రని గార్నెట్ రాళ్లు పొదిగి. 1804లో చక్రవర్తి అయిన నెపోలియన్ వాటిని చూసే తేనెటీగను తన గుర్తుగా పెట్టుకున్నాడు. 1831లో దొంగలు పడి ఎత్తుకెళ్లి చాలావరకు కరిగించేశారు, రెండే మిగిలాయి. అవి తేనెటీగలా, చెట్ల మీద అరిచే కీచురాళ్లా (సికాడాలు) అని ఇప్పటికీ వాదన ఉంది. రూపాన్ని మరీ పొదుపు చేస్తే ఇలా అవుతుంది. గార్నెట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పుదుచ్చేరి దగ్గర అరికమేడులో దొరికిన పాత గార్నెట్ పూసల రాయి మన కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేట గుట్టదేనని రాళ్లను పరీక్షించినవాళ్లు తేల్చారు. ఎర్ర రాయి పొదగాలనుకున్నప్పుడు ఈ మాట గుర్తుంచుకో.

ఈగను నువ్వు గీయనే లేదు. గీయి. ఈజిప్టు రాణి అహ్హోతెప్ సమాధిలో మూడు పెద్ద బంగారు ఈగలున్న గొలుసు దొరికింది. యుద్ధంలో ధైర్యం చూపినవాళ్లకు అక్కడ బంగారు ఈగలు బహుమానం. ఎంత తోలినా ఈగ మళ్లీ వచ్చి అక్కడే వాలుతుంది కదా, ఆ పట్టుదల కోసం. వరసగా మూడుసార్లు గ్రూప్స్ రాస్తున్న పిల్లలు అశోక్‌నగర్‌లో ఎంతమంది లేరు! వాళ్లకు ఈగ ఉంగరం అర్థమవుతుంది.

కీచురాయి విషయంలో మాత్రం జాగ్రత్త. చైనాలో హాన్ రాజుల కాలంలో జేడ్ అనే పచ్చరాయితో కీచురాయిని చెక్కి శవం నాలుక మీద పెట్టేవాళ్లు. పిల్ల పురుగు ఏళ్ల తరబడి మట్టిలో ఉండి, పైకొచ్చి, చొక్కా విప్పినట్టు తోలు విడిచి ఎగిరిపోతుంది కాబట్టి. పాత ఏథెన్స్ మగవాళ్లు అదే పురుగును బంగారంతో చేయించి జుట్టుకు పెట్టుకునేవాళ్లు, మేము ఈ మట్టిలోంచే పుట్టినవాళ్లం అని చెప్పుకోవడానికి. ఒకే పురుగు, ఒకచోట శవానికి, ఒకచోట జుట్టుకు. పెళ్లికూతురి నగల్లో పెట్టాలనుకుంటే ఈ రెండు సంగతులూ ఆ ఇంటివాళ్లకు ముందే చెప్పు. తర్వాత ఎవరో ఫోన్‌లో చూసి చెబితే నీ మీద నమ్మకం పోతుంది.

తూనీగ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, అది మన పని కాబట్టి. కరీంనగర్ వెండి తీగపనికి తూనీగ రెక్క కంటే తగిన వస్తువు లేదు. నువ్వు రెక్క మొత్తం ఒకేలా వలలాగా గీశావు. చచ్చిన తూనీగ ఎక్కడైనా దొరికితే రెక్క తీసి కిటికీకి ఎదురుగా పట్టుకో. ముందు అంచు దళసరిగా ఉంటుంది, దాని వెంట గళ్లు పొడుగ్గా, నిచ్చెన మెట్లలాగా. వెనక అంచుకు వచ్చేసరికి గళ్లు చిన్నవై, ఐదు ఆరు మూలలతో గుంపులుగా ఉంటాయి. కొన దగ్గర ముందు అంచు మీద ఒక నల్లని మచ్చ. ఆ మచ్చ ఉన్నచోట ఒక చిన్న గార్నెట్ పెడితే రెక్క బతుకుతుంది.

తీగకు వెండి ఎంత శుద్ధంగా ఉంటే అంత మెత్తగా వంగుతుంది. రెండు సన్నని తీగలు కలిపి మెలేసి, సుత్తితో చదును చేస్తే అంచు మీద గింజల్లాంటి నొక్కులు వస్తాయి. ముందు దళసరి తీగతో రెక్క చుట్టూ చట్రం కట్టి, లోపల ఈ మెలితీగను ఒక్కో గడిగా నింపాలి. గళ్లు ఒకదానినొకటి గట్టిగా ఒత్తుకుని, అతకకముందే చేత్తో ఎత్తినా ఊడిపడకుండా ఉండాలి. అప్పుడు వెలిగారం తడి, పైన అతుకు వేసే టంకం పొడి. మంటను ఒకేచోట నిలపకు, చట్రం చుట్టూ తిప్పు, ఎందుకంటే దళసరి తీగ నిదానంగా కాగుతుంది, సన్నది తొందరపడుతుంది. టంకం పారేటప్పుడు గళ్ల మీద ఒక్కసారి నీళ్లు పోసినట్టు మెరుపు పరుగెత్తుతుంది. ఆ మెరుపు కొనకు చేరగానే మంట తీసెయ్యి. ఇంకో రెండు క్షణాలు ఉంచితే నీ నాలుగు రోజుల పని ఒక బొట్టయి కూర్చుంటుంది.

లలీక్ అనే ఫ్రెంచి పనివాడు 1897, 98 ప్రాంతంలో చేసిన, సగం స్త్రీ సగం తూనీగ రూపంలో ఉన్న నగ లిస్బన్‌లో గుల్బెంకియన్ మ్యూజియంలో ఉంది. రెక్కల్లో గాజు మీనా నింపి, వెనక రేకు లేకుండా వదిలాడు, వెలుతురు అటునుంచి ఇటు వస్తుంది. రెక్కలకు కీళ్లు పెట్టాడు. నీ రెక్కకూ వెనక రేకు వెయ్యకు. మన తీగపనికి గాలే వెనకతెర.

నిజం రెక్కలు పెడతానని రాశావు. జీరంగి రెక్కల డొప్పలను బట్టల మీద కుట్టడం మన దేశపు పాత పని. 1888లో లండన్‌లో ఎలెన్ టెర్రీ అనే నటి వేసుకున్న గౌనుకు వెయ్యి డొప్పలు కుట్టారు, ఆ పచ్చదనం ఇప్పటికీ ఉంది. అది పూసిన రంగు కాదు, డొప్ప పొరల మీద వెలుతురు విరిగి వచ్చేది, అందుకే వెలవదు. చిన్నప్పుడు మనవాళ్లంతా వాటిని అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకు వేసి పెంచినవాళ్లే. ఆ పురుగులు పెద్దయ్యాక ఎక్కువ కాలం బతకవు. వాటంతట అవి చచ్చి రాలినవి మాత్రమే తీసుకో. నగలోకి బిగించడం అన్నిటికంటే ఆఖరి పనిగా పెట్టుకో, వేడి తగిలితే డొప్ప పాడవుతుంది. సీతాకోకచిలుక రెక్కలు అమ్మేవాళ్లు నీకు తగులుతారు. వద్దు. 1972 వన్యప్రాణుల చట్టం కింద చాలా రకాలకు రక్షణ ఉంది, పైగా వాళ్లు వాటిని బతికుండగానే పడతారు.

ఇంట్లో ముఖం చిట్లించినవాళ్ల సంగతికి వస్తాను. మీ నానమ్మ మెడలోని గుండ్లపేరు తీసి చూపించు. ఆ గుండ్ల కడుపులో ఉన్నది లక్క. లక్క పురుగు కొమ్మల మీద కార్చిన జిగురే లక్క. ఆదిలాబాద్ ఓజాలు డోక్రా ఇత్తడి బొమ్మ పోతపోసేది తేనెటీగ మైనంతో చేసిన రూపు మీద. మహదేవపూర్ టసర్ చీర దసలి పట్టుపురుగు గూడులోంచి వచ్చింది. శ్రీశైలంలో మనం మొక్కే భ్రమరాంబ తుమ్మెద రూపం ఎత్తిన తల్లి. మన పాలకుర్తి సోమన కాలానికే ఆడవాళ్లు తుమ్మెద పదాలు పాడుకున్నారు. మన ఒంటి మీదికి పురుగు కొత్తగా రావడం లేదని వాళ్లకు నెమ్మదిగా చెప్పు. లక్క మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నువ్వు బోలు గుండ్లు చేసినప్పుడు లక్క బరువు వేరుగా, బంగారం బరువు వేరుగా బిల్లు మీద రాసివ్వు. ఈ ఒక్క విషయంలో మన వృత్తికి చాలా చెడ్డపేరు వచ్చింది.

పన్నెండులో ఎనిమిది తీసెయ్యి. పెండ పురుగు, తేనెటీగ, తూనీగ, జీరంగి ఉంచు. ఈగను చేర్చు. నా కోరిక ఒకటి, ఆరుద్ర పురుగును కూడా చేర్చు. ఎనిమిది కాళ్లు కాబట్టి లెక్కప్రకారం అది కీటకం కాదని మీ కాలేజీలో అంటారు. అనుకోనీ. తొలకరి వానకు ఎర్రమట్టిలోంచి మఖమల్ బొట్టులాగా అది పైకి వస్తే మన రైతు ముఖం ఎలా విచ్చుకుంటుందో నాకు తెలుసు. ఏ దేశపు నగల్లోనూ నాకు అది కనబడలేదు. దాన్ని ఎలా చెయ్యాలో, పగడంతోనా, ఎర్ర మీనాతోనా, నాకూ తేలలేదు. మనిద్దరం కూర్చుని చూద్దాం.

మీ బాబాయి ఆదివారం హైదరాబాద్ వస్తున్నాడు, తీగ సన్నగా లాగే నా కమ్మచ్చు అతనితో పంపుతున్నాను. గుడ్డలో కొద్దిగా నూనె రాసి చుట్టాను, అలాగే ఉంచు. మూడో వరసలో చివరి బెజ్జం అరిగింది, దాంట్లో తీగ లాగకు, గీతలు పడతాయి. ముందు రాగి తీగ మీద చెయ్యి అలవాటు చేసుకో, తర్వాతే వెండి. మృగశిర కార్తెకు సెలవు పెట్టి రా. వాన పడిన మర్నాడు పొద్దున్నే పొలానికి పోదాం, నీ స్కెచ్ పుస్తకం తెచ్చుకో.

మీ చిన్నతాత