సంఘం బాధ్యత తీసుకున్న బిడ్డకు

నల్లగొండ,
ఆదివారం.

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. కౌన్సెలింగ్ విద్యార్థుల సంఘానికి ఈ ఏడు నిన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారని చదివి చాలా సంతోషమైంది. "పాత విద్యార్థులు ఒక్కరూ వస్తలేరు మేడమ్, ఫోన్ చేస్తే చూద్దాం అంటున్నరు, ఏం చెయ్యాలె" అని అడిగావు. మహబూబ్‌నగర్‌లో పాఠాలు చెప్పిన రోజుల్లో ఈ సంఘం పని నేనూ చాలా ఏళ్ళు చూశాను. నాకు తెలిసింది రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ముందు నువ్వు పంపిన ఫొటోల ముచ్చట. వేదిక మీద ఎనిమిది కుర్చీలు, అందరి భుజాల మీద శాలువాలు. మన దగ్గర చదువుకొని ఆసుపత్రుల్లో, హాస్టళ్ళలో పనిచేస్తున్న వాళ్ళు మూడో వరసలో కూర్చొని ఉన్నారు. వాళ్ళలో ఒక్కరి చేతిలోనైనా మైకు కనబడుతుందేమోనని అన్ని ఫొటోలూ చూశాను. కనబడలేదు.

నా హయాంలో మేమూ ఇదే తప్పు చేశాం. అచ్చంపేటలో పనిచేస్తున్న ఒక అమ్మాయిని "నీ అనుభవాలు మన పిల్లలకు చెప్పు బిడ్డా" అని నేనే పిలిచాను. చంటిపిల్లను చంకనేసుకొని తెల్లారి మొదటి బస్సుకే వచ్చింది. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యం. ఆయన వచ్చాక దీపం, స్వాగతం, సన్మానం, ప్రసంగం. ఆ అమ్మాయి వంతు వచ్చేసరికి ఒంటిగంట దాటింది, పిల్లలు భోజనాలకు లేస్తున్నారు. ఐదు నిమిషాల్లో ముగించమని మా సంఘం వాళ్ళే చీటీ పంపారు. నోట్‌బుక్ కాగితాలు నాలుగు, రెండు వైపులా రాసుకొచ్చింది. వాటిని మడిచి సంచిలో పెట్టుకొని, రెండు మాటలు చెప్పి దిగిపోయింది. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. ఆ కాగితాల్లో ఏం రాసుకొచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. యాదికొచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

ఆ తర్వాత చాలా రోజులు ఆలోచించాను. మనం వాళ్ళను పిలిచిందంతా మన అవసరానికే. ఉపన్యాసానికి మనిషి కావాలి, చందా కావాలి, మన పిల్లలకు ఉద్యోగాలు ఎక్కడున్నాయో చెప్పేవాళ్ళు కావాలి. మరి వాళ్ళకేం కావాలో మనం ఏనాడైనా అడిగామా? నేను అడగడం మొదలుపెట్టాను. గద్వాల నుంచి, నారాయణపేట నుంచి, ఇటు దేవరకొండ నుంచి అందరూ ఒకే మాట చెప్పారు. "మేడమ్, పొద్దంతా అందరి బాధలు వింటా. నాతోని మాట్లాడేటోళ్ళు ఎవరూ లేరు."

మన పిల్లలు చేరే ఉద్యోగాలు చూడు. హింసకు గురైన ఆడవాళ్ళను ఆదుకునే సఖి కేంద్రంలో, పోలీసుల భరోసా కేంద్రంలో, ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే ఐసీటీసీలో, గురుకులంలో, మత్తు మాన్పించే కేంద్రంలో. చాలాచోట్ల కౌన్సెలర్ అంటే ఒక్కరే. పక్క గదిలో ఉన్నవాళ్ళకు ఈ పనేంటో తెలియదు, పై అధికారికి నెలనెలా లెక్కలు కావాలి. కొట్టించుకొని వచ్చిన భార్య, హెచ్‌ఐవీ ఉందని అప్పుడే తెలిసిన యువకుడు, ఫెయిలయిన పిల్లాడు, వీళ్ళందరినీ విని సాయంత్రం ఇంటికి పోతే అక్కడ చెప్పుకోకూడదు, చెప్పుకోలేరు. పెద్ద నగరాల్లో తమ పనిని చూసి సరిదిద్దే సూపర్‌వైజర్ దొరకొచ్చు. మన జిల్లాల్లో ఎక్కడ దొరుకుతాడు? ఆ లోటు మన సంఘం తీర్చగలదు. వాళ్ళను కలిపి ఉంచేది అదే. మిగతావన్నీ దాని తర్వాతే.

మేము చేసింది చెబుతా. నెలకో ఆదివారం మధ్యాహ్నం, డిపార్ట్‌మెంట్‌లో ఒక గది. వేదిక లేదు, బ్యానర్ లేదు, కుర్చీలు గుండ్రంగా. బయటి బండి నుంచి మిర్చీలు, ఫ్లాస్కులో చాయ్. మొదటిసారి నలుగురే వచ్చారు. ఒకరు తాము చిక్కుపడ్డ ఒక కేసు చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి, ఆ తర్వాతే ప్రశ్నలు అడగాలి. సలహా చివర్లో, అదీ అడిగితేనే. ఆఖరి ఏడు విద్యార్థులు ఇద్దరు ముగ్గురిని కూర్చోబెట్టేవాళ్ళం, చెప్పేవాళ్ళు ఒప్పుకుంటేనే.

అట్లాంటి ఒక ఆదివారం, హాస్టల్ పిల్లలతో పనిచేసే పాత విద్యార్థి ఒకతను ఒక బాబు గురించి చెప్పాడు. గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నా. బాబుకు తరచుగా కడుపునొప్పి. డాక్టర్లు చూశారు, పరీక్షల్లో ఏమీ లేదు. బడి ఎగ్గొట్టే సాకు అని వార్డెన్ తేల్చేశాడు. మనవాడు మాత్రం ఒక కాగితం మీద నొప్పి వచ్చిన రోజులు రాసుకుంటూ పోయాడు. నొప్పి వచ్చిందంటే అది ఆదివారం సాయంత్రమే. తల్లిదండ్రులు పుణెలో బిల్డింగ్ పనికి పోయారు, ఫోన్ చేస్తే ఆదివారమే చేస్తారు. ఫోన్ రాని ఆదివారాల్లో బాబుకు కడుపునొప్పి. ఇతను మేస్త్రీ నంబరు సంపాదించి, ఫోన్ ఏ వేళకు వస్తుందో ముందే చెప్పించే ఏర్పాటు చేశాడు. రానప్పుడు రాదని కూడా చెప్పించాడు. నొప్పి మెల్లగా తగ్గింది. కానీ అతను మా దగ్గరికి తెచ్చిన చిక్కు వేరు. "బాబు నన్ను పట్టుకొని వదుల్తలేడు మేడమ్, నాకు బదిలీ అయితే ఏం చెయ్యాలె?" ఆ రోజు గంటన్నర దాని మీదే మాట్లాడుకున్నాం. పాలమూరు వలస గురించి మన పిల్లలు పుస్తకాల్లో చదివింది ఒక ఎత్తు, ఆ గంటన్నర ఒక ఎత్తు. పోయేటప్పుడు అతనే అడిగాడు, మళ్ళీ ఎప్పుడు కలుస్తం అని. అంతకుముందు మూడేళ్ళుగా నేను పిలుస్తున్నా రాని మనిషి.

ఇక్కడ ఒక విషయంలో చాలా పైలంగా ఉండాలి. పేరు చెప్పకపోతే చాలనుకోవద్దు. "దేవరకొండ దిక్కు ఊరు, సర్పంచ్ బిడ్డ, డిగ్రీ రెండో ఏడు" అంటే చాలు, ఆ గదిలో ఎవరో ఒకరికి ఆమె ఎవరో తెలిసిపోతుంది. మన దగ్గర అందరూ అందరికీ ఏదో వరస చుట్టాలే. ఊరు, కులం, కాలేజీ, తండ్రి చేసే పని మార్చి చెప్పాలి. చెప్పినదేదీ కాగితం మీదికి, వాట్సాప్‌లోకి ఎక్కకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతను హక్కుగా రాసింది. కూర్చున్న ప్రతిసారీ మొదటి ఐదు నిమిషాలు ఈ నియమాలు చదివి వినిపించు. పాతవాళ్ళే ఉన్నా సరే చదువు.

పోయినసారి నువ్వు అమెరికా సంఘం గురించి అడిగావు. కై సిగ్మా అయోటా అని, కౌన్సెలింగ్ చదువులో ప్రతిభ చూపిన వాళ్ళ గౌరవ సంఘం. 1985లో ఒహైయో విశ్వవిద్యాలయంలో మొదలైంది. నాలుగుకు మూడున్నర గ్రేడ్ సగటు ఉంటే సభ్యత్వానికి పిలుస్తారు, విశ్వవిద్యాలయానికొక శాఖ ఉంటుంది. చదువు అయిపోయినా సభ్యులుగానే కొనసాగవచ్చు, కాకపోతే ఏటేటా రుసుము కట్టి సభ్యత్వం నిలుపుకోవాలి. వాళ్ళ దగ్గర నాకు నచ్చింది ఈ ఏర్పాటే. డిగ్రీ చేతికొచ్చిన రోజున మనిషిని "పాత" అని పక్కన పెట్టరు. విద్యార్థి, పంతులు, పనిలో ఉన్నవాళ్ళు ఒకే శాఖలో సభ్యులు.

మార్కుల నియమం మాత్రం నువ్వు యథాతథంగా తేకు. చదివేటప్పుడు మార్కులు రాని పిల్లలు కొందరు పనిలో చేరాక నన్నే ఆశ్చర్యపరిచారు. హాస్టల్ బాబు కథలో అతనికి పరీక్షల్లో అత్తెసరు మార్కులే. విద్యార్థులకు మార్కులు చూస్తే చూడండి, పనిలో ఉన్నవాళ్ళకు పనే చూడాలి.

ఇక వాళ్ళ జాడ పట్టడం. వాట్సాప్ గ్రూపును నమ్ముకోవద్దు. గుడ్ మార్నింగ్ పువ్వుల కింద నీ కబురు మునిగిపోతుంది. ఒక బైండు పుస్తకం కొను. మనిషికో పేజీ. పేరు, చదివిన ఏడు, ఇప్పుడున్న ఊరు, పని, ఏ వేళకు ఫోన్ ఎత్తగలరు. తల్లిగారి ఇంటి నంబరు తప్పకుండా రాసుకో. పెళ్ళయ్యాక మన ఆడపిల్లల నంబర్లు మారతాయి, ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. మనం పోగొట్టుకున్న వాళ్ళలో ఎక్కువమంది వాళ్ళే. నేను ఒకసారి పాత హాజరు పట్టీ ముందేసుకొని తల్లిగారి ఊర్ల ద్వారా వెతికితే, మంచి చేయి తిరిగిన అమ్మాయిలు మిర్యాలగూడలో, కోదాడలో ఇంట్లో ఉండిపోయి కనబడ్డారు. ఉద్యోగం లేదని పిలవడం మానేశాం. వాళ్ళలో ఒకామె తర్వాత పదో తరగతి పిల్లలతో మాట్లాడటానికి మా వెంట బడులకు వచ్చింది. వృత్తిలో లేనివాళ్ళకు కూడా పుస్తకంలో పేజీ ఉండాలి.

అన్నింటికన్నా, మొన్న మొన్న బయటికి పోయినవాళ్ళను పట్టుకో. చదువు ముగిసిన మొదటి ఏడాది చేజారితే మళ్ళీ దొరకడం కష్టం. పోయిన నెలకు ఒకసారి, ఆరు నెలలకు మరోసారి ఫోన్ చెయ్యి. "ఎట్లున్నవ్ అక్కా, కొత్త పని ఎట్లుంది?" అని అడిగి విను, అంతే. ఆ రెండు ఫోన్లలో ఏమీ అడగకు, చందా మాట అసలే ఎత్తకు. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళ కంటే నిరుడు ఉద్యోగంలో చేరిన అమ్మాయి మాట ఆఖరి ఏడు పిల్లలకు ఎక్కువ పనికొస్తుంది. ఇంటర్వ్యూలో ఏమడిగారు, మొదటి జీతం ఎప్పుడొచ్చింది, మొదటి వారం ఎంత భయపడ్డది అన్నవి ఆమెకే గుర్తుంటాయి.

అడిగేటప్పుడు చిన్న పని అడుగు, కచ్చితంగా అడుగు. "మీ సహకారం కావాలి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "అన్నా, మా పిల్లలు నలుగురికి కేసు నోట్సు ఎట్లా రాయాలో చూపించాలె, వచ్చే శనివారం సాయంత్రం ఆరు నుంచి ఏడు, ఫోన్‌లోనే" అంటే అవుననో కాదనో చెప్పగలడు. కాదంటే బతిమాలకు, రెండు నెలలాగి ఇంకోటి అడుగు. అట్లా అడగదగ్గ పని ఇంకోటి ఉంది. 2021లో వచ్చిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టంలోని వృత్తుల పట్టికలో కౌన్సెలర్లు కూడా ఉన్నారు. క్లినికల్ సైకాలజిస్టుల నమోదు మాత్రం భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) దగ్గర. ఈ తేడా తెలియక మన పిల్లలు ఏ కోర్సులో చేరాలో తికమక పడుతున్నారు. ఆ దారుల్లో నడిచినవాళ్ళను ఇద్దరిని ఒక పూట కూర్చోబెట్టు, మస్తు మేలవుతుంది.

ఇంటర్, పది ఫలితాల రోజుల్లో మాత్రం వాళ్ళను కదిలించకు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో పోయిన పిల్లల ముఖాలు పేపర్లలో చూసిన వాళ్ళం. ఆ వారాల్లో వాళ్ళకు ఊపిరి సలపదు. అప్పుడు మనమే వాళ్ళకు సాయం పోవాలి. 14416 టెలిమానస్ నంబరు, మనసు బాగాలేనివాళ్ళు ఫోన్ చేసి మాట్లాడే ప్రభుత్వ సహాయ నంబరు, రాత్రీ పగలూ పలుకుతుంది, అది రాసిన చీటీలు ప్రతి కాలేజీ గోడ మీద అంటించే పని మన విద్యార్థులు చెయ్యొచ్చు. పాత విద్యార్థి పనిచేసే చోటికి మీరు పనిసాయానికి పోతే, మీరు పిలిచినప్పుడు అతను ఇటు వస్తాడు.

అందరూ కలవడానికి నా మాట విని దసరా చూసుకో. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉన్నవాళ్ళు కూడా ఊరికి వచ్చేది అప్పుడే. పండుగ తెల్లారి ఎవరూ ఇల్లు కదలరు, మూడో నాడు పెట్టు. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకుంటే సగం మొహమాటం అక్కడే పోతుంది. ఆ రోజు ప్రసంగాలు వద్దు.

పెద్దలకు పిల్లల్ని జతచేసే ఆలోచన రాశావు, మంచిదే. ఒకటి మర్చిపోకు. దారి చూపే పెద్దమనిషి ఆ విద్యార్థికి కౌన్సెలర్ కాకూడదు. పిల్ల ఏడుస్తూ ఇంటి బాధ చెబితే, విని, వేరే కౌన్సెలర్ దగ్గరికి పంపాలి. రెండు పాత్రలు కలిస్తే ఇద్దరికీ ఇబ్బంది. ఇది ఇద్దరికీ మొదటి రోజే చెప్పు.

మీది రెండేళ్ళ చదువు. నువ్వు పని నేర్చుకునేసరికి పోయే వేళ అవుతుంది. అందుకే మొదటి ఏడు అమ్మాయినో అబ్బాయినో ఒకరిని ఇప్పటి నుంచే పక్కన కూర్చోబెట్టుకో, ప్రతి ఫోనూ వాళ్ళ ముందే చెయ్యి. మా పుస్తకం ఒకసారి చేతులు మారేటప్పుడు పోయింది, ఆరేళ్ళ పేర్లు పోయాయి. మిగిలిన పాతది నా బీరువాలో ఉంది, రెండు వందల దాకా పేజీలు. నువ్వొస్తే ఇస్తా. సాయంత్రం నాలుగు దాటితే ఇంట్లోనే ఉంటా, గడియారం సెంటర్‌లో దిగి ఫోన్ చెయ్యి, మా అబ్బాయి వచ్చి తీసుకొస్తాడు. అచ్చంపేట అమ్మాయి పేజీ కూడా అందులో ఉంది. ఆమెకు ఫోన్ చేసేటప్పుడు నేను పక్కన ఉంటా, ముందు నేను మాట్లాడాలి.

ఆశీస్సులతో,
మీ మేడమ్