చెరువు తవ్వే ముందు తూర్పు గట్టు వాళ్ళింటికి వెళ్ళమ్మా

అమ్మలూ,

ఉద్యోగం మానేసి ఊరొచ్చి మన మూడెకరాల్లో వనామి రొయ్యల చెరువు తవ్విస్తావంట కదా, మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మనింటి ఆడపిల్ల సొంతంగా రొయ్య వేస్తుందంటే గర్వంగానే ఉంది గాని, రాత్రంతా నిద్ర పట్టలేదు.

పర్మిషన్ రాకుండా మట్టి తియ్యకు, టెస్ట్ చేయించకుండా సీడ్, అదే రొయ్య పిల్లల్ని, వదలకు, నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లకి జనరేటర్ ఉండాలి. ఇవి నీకు తెలిసినవే.

1994లో ఊరంతా టైగర్ రొయ్య అంటుంటే నేనూ తవ్వించా. నా చేను నా ఇష్టం అనుకున్నా, ఎవర్నీ అడగలేదు. ఉప్పుటేరు నీళ్ళు ఇంజన్‌తో తోడి నింపా. తూర్పు గట్టు అవతల మావయ్య వాళ్ళది వరి. దాళ్వా, అదే రెండో పంట, నాట్లేసిన నెలకి గట్టు వారన నాలుగు వరసలు ఎర్రబడ్డాయి, తర్వాత సగం చేను పోయింది, నేల మీద తెల్లగా ఉప్పు తేలింది. ఆయన ఆ మట్టి తువ్వాల్లో కట్టుకొచ్చి మన అరుగు మీద పోసి, నాలిక్కి రాసుకుని చూడరా అన్నాడు. నష్టమెంతో చెప్పు, కట్టేస్తా అన్నాన్నేను. ఆయన డబ్బుకి రాలేదమ్మా, ఆ ముక్క నాకప్పుడు అర్థం కాలేదు. ఏమీ అనకుండా ఖాళీ తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. తర్వాత తెల్లమచ్చ తెగులు వచ్చి రొయ్యలన్నీ గట్టుకొచ్చి చచ్చాయి, పలకరించడానికి ఒక్కరూ రాలేదు. 1996లో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చాక టీకొట్టు దగ్గర చెరువులోళ్ళది ఒక బల్ల, వరోళ్ళది ఇంకో బల్ల అయిపోయింది. మీ నాయనమ్మ పోయినప్పుడు మావయ్య వచ్చి పాడె మోశాడు, నా మొహం మాత్రం చూళ్ళేదు.

బోర్లో ఉప్పునీళ్ళు పడ్డాయని సంబరపడ్డావంట, బుద్ధుందా నీకు? అవతల ఊరు తాగే మంచినీళ్ళ చెరువుంది. నీ చెరువు మురుగునీళ్ళు ఎటు వదులుతావో ముందు నాకు చెప్పు. ఇంతా చేసి వరి పక్కన పనికిరాదని తేలితే మానేద్దాం, అప్పు చేసిన డబ్బుంటే నేను చూసుకుంటాలే, భయపడకు.

శనివారం రా. మావయ్య ఇప్పుడు లేడు, అత్త ఉంది, ఆ చేలో కొడుకు ఇప్పటికీ వరే వేస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్కణ్ణీ ఆ గుమ్మం ఎక్కలేకపోయా, ఇద్దరం కలిసి వెళ్దాం. అత్తకి సరిగా వినపడదు, దగ్గర కూర్చుని గట్టిగా మాట్లాడు.

మీ పెదనాన్న