తొంభై డిగ్రీలు ఎక్కడ పుట్టించాలి

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి బాబుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన సర్క్యూట్ బొమ్మ రెండుసార్లు చూశాను. నీ హామ్ రేడియో రిసీవర్‌లో సిగ్నల్‌ని 1296 మెగాహెర్ట్జ్ మీదే నేరుగా ఐ, క్యూ అనే రెండు పాయలుగా, అంటే ఒకదానికొకటి తొంభై డిగ్రీల (పావు చక్రం) తేడా ఉన్న జంటగా, విడదీయాలని గీశావు. నా మొదటి రిసీవర్ కూడా అలాగే కట్టాను. అందుకే ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ఐ, క్యూల మధ్య సరిగ్గా తొంభై డిగ్రీలుండి, రెండింటి బలం సమానంగా ఉంటేనే ఇమేజ్, అంటే కంప్యూటర్ స్క్రీన్ మధ్యకు అవతలి పక్క అద్దంలోలా కనబడే దొంగ సిగ్నల్, చెరిగిపోతుంది. ఫేజ్‌లో ఒక డిగ్రీ, బలంలో 0.1 డీబీ (డెసిబెల్) తేడా ఉన్నా ఇమేజ్ దాదాపు 40 డీబీ కిందికి దిగుతుంది. మన పనికి అది చాలు. చిక్కంతా ఆ ఒక్క డిగ్రీతోనే. మామూలు ఎఫ్ఆర్-4 (ఫైబర్‌గ్లాస్) సర్క్యూట్ బోర్డు మీద 1296 దగ్గర ఒక డిగ్రీ అంటే సుమారు 0.35 మిల్లీమీటర్ల రాగి గీత. రేపు 5760 మెగాహెర్ట్జ్‌కి వెళ్తే 0.08 మిల్లీమీటర్లే. పైగా ఆ బోర్డు గుణం షీటు షీటుకీ మారుతుంది. నేను కప్లర్‌ని (ఆ తొంభై డిగ్రీలు ఇచ్చే రాగి గీతల అమరికని) మూడుసార్లు కొత్తగా చేసినా ఇమేజ్ 20 డీబీ దాటి దిగలేదు.

కాబట్టి తొంభై డిగ్రీలను గీతలతో కాదు, లెక్కతో పుట్టించు. ముందు 1268 ఎల్ఓని (రిసీవర్ లోపలే పుట్టించే లోకల్ ఆసిలేటర్ సిగ్నల్) మిక్సర్‌లో కలిపి, వచ్చిన సిగ్నల్‌ని 28కి దించు. అక్కడ 112 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లతో (క్లాక్ తట్టినప్పుడు స్థితి మార్చే డిజిటల్ సర్క్యూట్లు) నాలుగుతో భాగిస్తే, తొంభై డిగ్రీల తేడా ఉన్న క్లాక్‌లు వాటంతటవే వస్తాయి. 74ఏసీ74 ఒక్క ఐసీలోనే రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లూ ఉంటాయి. తర్వాత ఆ క్లాక్‌లతో నడిచే ఎఫ్ఎస్‌టీ3253 స్విచ్ సిగ్నల్‌ని ఐ, క్యూగా విడదీస్తుంది. ఒకటి మరిచిపోకు: 1268కి కింద అంతే దూరంలో ఉన్న 1240 కూడా 28కే దిగుతుంది. దాన్ని తీసెయ్యడం ఐ, క్యూల వల్ల కాదు. ముందున్న ఎల్ఎన్ఏకీ (తక్కువ నాయిస్ ఆంప్లిఫయర్) మిక్సర్‌కీ మధ్య ఫిల్టర్ పెట్టకపోతే అక్కడి నాయిస్ కూడా వచ్చి కలుస్తుంది.

ఇక అసలు సంగతి. అలా దించాక కూడా నా రిసీవర్‌లో ఇమేజ్ మొండికేసింది, అదీ సిగ్నల్ స్క్రీన్ మధ్యకు దగ్గరగా ఉన్నప్పుడే. నెల రోజులు ఫ్లిప్‌ఫ్లాప్‌లనే అనుమానించాను. తప్పు ఐ, క్యూలని ఆంప్లిఫయర్లకు చేర్చే ఆడియో కప్లింగ్ కెపాసిటర్లది. అవి ఎలక్ట్రోలైటిక్ రకం, వాటిలో ఇరవై శాతం తేడా మామూలే, తక్కువ ఫ్రీక్వెన్సీలో అదే ఫేజ్ తేడా అవుతుంది. కాబట్టి సిగ్నల్ జనరేటర్ పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇమేజ్ కొలువు. మధ్యలోనే చెడితే కప్లింగ్ కెపాసిటర్లు. అంచుల్లో చెడితే లోపాస్ (ఎక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపే) కెపాసిటర్లు. అంతటా ఒకేలా చెడితే క్లాక్ లేదా గెయిన్. ఇది ముందే తెలిసుంటే నాకా నెల మిగిలేది.

ఎస్పీ రోడ్‌లో కెపాసిటర్లు రెండు కొనకు, ఇరవై కొని మీటర్‌తో జతలు కుదుర్చుకో. ఐ, క్యూ ఆంప్లిఫయర్లు ఒకే ఐసీలో ఉండాలి, ఎన్ఈ5532 బాగానే పనిచేస్తుంది. మిగిలిన కొద్ది తేడా సాఫ్ట్‌వేర్ సరిదిద్దుతుంది కానీ, బోర్డు వేడెక్కేకొద్దీ మారే తప్పును దాని మీద వదిలేయకు.

వినాలనుకున్న సిగ్నల్‌ని స్క్రీన్ మధ్యలో పెట్టకు, పది పన్నెండు కిలోహెర్ట్జ్ పక్కకు జరుపు. మధ్యలో ఎల్ఓ లీకేజీ, కరెంటు హమ్ ఎప్పుడూ కూర్చునే ఉంటాయి. హమ్ మరీ ఎక్కువైతే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడు.

ఎల్ఓకి మంచి టీసీఎక్స్ఓ (వేడి మారినా జరగకుండా సరిదిద్దుకునే క్రిస్టల్ ఆసిలేటర్) కొను. 1268 మెగాహెర్ట్జ్ మీద ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) అంటే 1268 హెర్ట్జ్. అంత జరిగితే ఎస్ఎస్‌బీలో (సింగిల్ సైడ్‌బ్యాండ్ ప్రసారంలో) మాట అర్థం కాదు.

వచ్చే ఆదివారం పాత బోర్డు కూడా తీసుకుని రా, నా జనరేటర్‌తో ఇద్దరం కలిసి కొలుద్దాం. మీ అమ్మానాన్నల్ని అడిగానని చెప్పు.

73 (మన హామ్‌ల శుభాకాంక్షలు),
పెదనాన్న