చిగుళ్ల వ్యాధి వంశంలో ఉంటే పళ్లు పోక తప్పదా?

ప్రశ్న: నా వయసు 36. రెండు పూటలా బ్రష్ చేసుకుంటాను. అయినా చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, కింది ముందు పళ్లు కొద్దిగా కదులుతున్నాయి. మా అమ్మకూ, మేనమామకూ యాభై ఏళ్లు నిండకముందే దాదాపు పళ్లన్నీ పోయాయి. ఆ మేనమామ కుమారుడే నా భర్త. చిగుళ్ల వ్యాధికి జన్యువులే కారణమని ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలినట్లు చదివాను. జన్యు పరీక్ష చేయించుకోవాలా? మా ఐదేళ్ల పాపకూ ఈ వ్యాధి వస్తుందా?
– ఒక పాఠకురాలు

సలహా: అమ్మా, మీరు చదివిన దాంట్లో నిజం ఉంది. అయితే ఆ ప్రయోగాలు చెప్పిన రెండో విషయం మీ దాకా వచ్చినట్లు లేదు. మీకు ఎక్కువగా పనికివచ్చేది అదే.

శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది పురుషులను హెరాల్డ్ లో (Löe) అనే దంత పరిశోధకుడి బృందం ఏళ్ల తరబడి పరిశీలించి, 1986లో ఫలితాలు ప్రకటించింది. వారెవరికీ పళ్లు తోముకునే అలవాటు లేదు, అందరి పళ్లకూ పాచి, గార దండిగా ఉన్నాయి. అయినా సుమారు 8 శాతం మందికి వ్యాధి వేగంగా ముదిరి పళ్లు ఊడిపోగా, 11 శాతం మందికి చిగుళ్ల వాపును దాటి ముందుకు పోలేదు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో మనుషుల్లో తేల్చడం కష్టం. ఎందుకంటే తిండి, పొగాకు, మధుమేహం వంటివన్నీ కలగలిసి ఉంటాయి. ఒకే గదిలో, ఒకే ఆహారంతో పెరిగే చిట్టెలుకల్లో ఆ చిక్కు ఉండదు. పమేలా బేకర్ బృందం వేర్వేరు జాతుల చిట్టెలుకల నోటిలో పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియాను ఒకే మోతాదులో వేసి చూసినప్పుడు, బాల్బ్-సి జాతి వాటికి పళ్ల చుట్టూ ఉన్న ఎముక తరిగిపోయింది. సి57 బ్లాక్-6 జాతి వాటికి పెద్దగా నష్టం జరగలేదు. అమెరికాలో కవలల మీద 2000లో వెలువడిన అధ్యయనం కూడా, ఈ వ్యాధి విషయంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో దాదాపు సగం వంశపారంపర్యమని అంచనా వేసింది.

ఇంతకీ ఎముకను తినేసేది బ్యాక్టీరియా అని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ పని ఎక్కువగా చేసేది మన రోగనిరోధక వ్యవస్థే. జన్యులోపం వల్ల ఆ వ్యవస్థలో ముఖ్యమైన టి, బి అనే తెల్ల రక్తకణాలు లేకుండా పుట్టిన చిట్టెలుకలకు అదే బ్యాక్టీరియా సోకినా ఎముక నష్టం తక్కువగా ఉంది. అంటే బ్యాక్టీరియాను ఎదుర్కొనడానికి వచ్చిన టి కణాలే, ఎముకను కరిగించే కణాలను ఉసిగొల్పే రసాయనాలను విడుదల చేస్తున్నాయన్న మాట. అలాగని రోగనిరోధక శక్తి తగ్గితే మేలని అనుకోకండి. తెల్ల రక్తకణాలు రక్తనాళాల నుంచి బయటకు రాలేని ఒక అరుదైన జన్యులోపం ఉన్న పిల్లలకు చిన్న వయసులోనే చిగుళ్ల వ్యాధి తీవ్రంగా వస్తుంది. అదే రకం లోపం కలిగించిన చిట్టెలుకల్లో ఇంటర్‌ల్యూకిన్-17 అనే వాపు రసాయనం అదుపు తప్పుతోందని కనిపెట్టారు. దాని ఆధారంగా, సోరియాసిస్‌కు వాడే ఉస్టెకినుమాబ్ అనే మందును ఆ లోపమున్న ఒక రోగికి ఇచ్చి చూడగా చిగుళ్ల వాపు తగ్గిందని 2017లో ప్రచురించారు. చిట్టెలుకలో కనిపెట్టిన సంగతి రోగి నోటి దాకా చేరిన ఇలాంటి సందర్భాలు మా రంగంలో అరుదు. అందుకే ఆ ఫలితానికి నేను చాలా విలువ ఇస్తాను.

ఇక మీరు తెలుసుకోవలసిన రెండో విషయం. 2011లో జార్జ్ హాజిషెంగాలిస్ బృందం, ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన చిట్టెలుకల్లో పైన చెప్పిన బ్యాక్టీరియాను ఒక్కదాన్నే ప్రవేశపెడితే ఎముక తరగలేదు. నోటిలో మామూలుగా ఉండే సూక్ష్మజీవులు తోడైనప్పుడే అది నష్టం చేయగలిగింది. అంటే వంశం నుంచి వచ్చిన స్వభావం ఎలాంటిదైనా, పంటిని అంటుకుని పేరుకునే పాచి లేకపోతే ఈ వ్యాధి సాధారణంగా ముందుకు సాగదు. మీ జన్యువులు మార్చలేనివి, పాచి మాత్రం తొలగించదగినదే. మీ వంటి కుటుంబంలో పుట్టినవారు ఇతరులకంటే ఎక్కువ శ్రద్ధతో, తక్కువ వ్యవధిలో దాన్ని తొలగించుకుంటూ ఉండాలి.

కాబట్టి జన్యు పరీక్ష ప్రస్తుతం వద్దు. సాధారణ చిగుళ్ల వ్యాధిలో ఎన్నో జన్యువులు కొద్ది కొద్దిగా పాలుపంచుకుంటాయి. పరీక్ష ఫలితం ఏదైనా చికిత్స మారదు. ఆ డబ్బుతో చిగుళ్ల నిపుణులైన పెరియోడాంటిస్ట్‌ను కలవండి. వారు ప్రతి పంటి చుట్టూ చిగురు లోతును, అంటే పంటికీ చిగురుకూ మధ్య ఉన్న సందు లోతును కొలుస్తారు. 3 మిల్లీమీటర్ల వరకు మామూలే, అంతకు మించితే ఎక్స్‌రేలో ఎముక ఎంత మిగిలిందో చూడాలి. మీ పళ్లు కదులుతున్నాయంటే పైపై స్కేలింగ్ సరిపోకపోవచ్చు. చిగురు కింద వేరును శుభ్రం చేసే రూట్ ప్లేనింగ్, ఆ తర్వాత రెండు మూడు నెలలకు మళ్లీ కొలతలు అవసరమవుతాయి. శుభ్రం చేయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం మనవాళ్లలో బలంగా ఉంది. గార పోయి, వాచిన చిగురు తగ్గినప్పుడు సందులు బయటపడతాయి, కదలిక తెలుస్తుంది. అప్పటికే తరిగిన ఎముక దానికి కారణం, శుభ్రం చేయడం కాదు. మధుమేహం ఈ వ్యాధిని బాగా పెంచుతుంది కనుక గత రెండు మూడు నెలల సగటు రక్తచక్కెరను తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్ష ఈ వారమే చేయించుకోండి. రక్తం వస్తోందని బ్రష్ చేయడం మానకండి. పళ్ల సందుల్లో రోజుకొకసారి ఇంటర్‌డెంటల్ బ్రష్ వాడండి. సొంతంగా యాంటీబయాటిక్ కొని వేసుకోవద్దు.

పాప విషయానికి వస్తే, దగ్గరి సంబంధపు పెళ్లి జరిగిన కుటుంబాల్లో గమనించవలసిన ఒక అరుదైన వ్యాధి ఉంది. పాపియోన్-లెఫెవ్ర్ సిండ్రోమ్ అనే ఆ వ్యాధిలో సిటిఎస్‌సి అనే జన్యువు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపంతో వస్తుంది. అరచేతులు, అరికాళ్ల చర్మం గట్టిపడి మందంగా తయారవుతుంది, పాలపళ్లు వచ్చిన కొన్నాళ్లకే చిగుళ్లు వాచి, ఆ పళ్లు కదిలి ఊడిపోతాయి. ఐదేళ్లు వచ్చిన మీ పాపకు పాలపళ్లు గట్టిగా ఉండి, చేతులు, కాళ్ల చర్మం మామూలుగా ఉంటే దాని గురించి కంగారు అక్కర్లేదు. ఆ లక్షణాల్లో ఏది కనిపించినా పిల్లల దంత వైద్యుల ద్వారా జన్యు నిపుణుల సలహా తీసుకోండి, అలాంటి చోట జన్యు పరీక్షకు అర్థం ఉంది. మీకున్న సాధారణ రకం స్వభావం మాత్రం ఇరువైపుల నుంచీ పాపకు వచ్చి ఉండవచ్చు. అందుకే శాశ్వత దంతాలు రావడం మొదలైనప్పటి నుంచి ఆరు నెలలకోసారి పరీక్ష చేయించండి. మీ తోబుట్టువులు, మీ భర్త కూడా నొప్పి లేదని ఊరుకోకుండా ఒకసారి చిగుళ్ల లోతు కొలిపించుకోవాలి, ఎందుకంటే ఈ వ్యాధి చాలా దూరం వెళ్లే వరకు నొప్పి పెట్టదు.