పంటి కింద సైనికులెవరూ లేరు

అమ్మాయ్,

పంటినొప్పి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివా. మీ అమ్మ లవంగనూనె దూది పంట్లో పెట్టుకుని రాత్రంతా మంచం మీద కూర్చునే ఉందన్న ముక్క బాగుంది. ఆ తర్వాతే చిరాకేసింది. "వారం తిరిగేసరికి నొప్పి మాయం, తెల్లకణాల సైన్యం గెలిచింది" అని రాశావు చూడు, అక్కడ.

గెలవలేదమ్మా, నరం చచ్చిపోయి ఉంటుంది. పిప్పి లోపలిదాకా పోయి నరం చచ్చాక ఇక నొప్పెవరికి? అక్కడికి రక్తం పోదు, రక్తం పోని చోటికి తెల్లకణాలెలా పోతాయి? బాక్టీరియా లోపల హాయిగా కాపురం పెడుతుంది, న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు, లింఫోసైట్లు అనే ఆ తెల్లకణాలు వేరు కొస బయట గుమిగూడి ఉండిపోతాయి. అవి వదిలే ఐఎల్-1, టీఎన్‌ఎఫ్ లాంటి వాపు సంకేతాల వల్ల ర్యాంకెల్ అనే ప్రోటీన్ పెరిగి, ఎముకని కరిగించే ఆస్టియోక్లాస్ట్‌లనే కణాలు తయారవుతాయి. అంటే ఎముకని తినేది మన ఒళ్లే! ఎక్స్‌రేలో వేరు కింద నల్లమచ్చ అదే, అదీ చాలా ఎముక పోయాక గానీ కనపడదు.

మా ఊళ్లో ఎండాకాలం తాటాకిల్లు అంటుకుంటే మంట పాకకుండా పక్కింటి కప్పు మనవాళ్లే లాగి పడేసేవాళ్లు, ఆ ఇంటి ముసలమ్మ శాపనార్థాలు పెడుతున్నా సరే. ఒళ్లు తన ఎముకని తానే తినడం నాకైతే అలా కనపడుతుంది. నీకు నీ వీధిలో ఇంకోటి దొరుకుతుంది, ఆ కోటలూ కత్తులూ మాత్రం వద్దు, ముప్పై ఏళ్లుగా చదివి చదివి విసుగొచ్చింది.

నేనూ ఒకప్పుడు ఇదే రాస్తే ఒక ఎడిటర్ గారు "ఒళ్లే ఎముక తింటుందంటే పాఠకులు భయపడతారండీ" అని ఆ పేరా కొట్టేసి, హెడ్డింగ్ "దంతాలపై దండయాత్ర" అని పెట్టాడు. తమాషా ఏంటంటే అప్పుడు నా దవడే వాచి ఉంది, షాపువాణ్ణి అడిగి యాంటీబయాటిక్స్ మూడుసార్లు మింగా, తగ్గడం మళ్లీ రావడం. మందు కూడా రక్తంలోనే పోవాలి కదా, చచ్చిన నరంలోకి ఎలా పోతుందని అంత రాసినవాడికి తట్టలేదు! రూట్ కెనాల్ చేయించి లోపలంతా శుభ్రం చేశాకే ఏడాదికి నా ఎక్స్‌రేలో ఆ నల్లమచ్చ ఎముకతో నిండింది.

ఇంకోటి, 1965లో కకెహాషి అనే పరిశోధకుడూ ఆయన తోటివాళ్లూ ఎలకల మీద చేసిన ప్రయోగాన్ని ఒక్క లైన్లో తేల్చేశావ్. సూక్ష్మజీవుల్లేకుండా పెంచిన ఎలకల పళ్లకి నరందాకా కన్నంపెట్టి వదిలేస్తే, తిండి ఇరుక్కున్నా నరం బతికే ఉంది, పైగా కన్నానికి అడ్డంగా కొత్త డెంటిన్, అంటే నరం చుట్టూ ఉండే గట్టి పంటి పదార్థం, కట్టుకుంది, మామూలు ఎలకలకేమో చచ్చి చీముపట్టింది. దానికి రెండు పేరాలు ఇవ్వొద్దూ?

ఏ పత్రికకి పంపాలన్నది తర్వాత చూద్దాం. ముందు మీ అమ్మని తీసుకెళ్లి ఆ పంటికి ఎక్స్‌రే తీయించు, తిరగరాయడం ఆ తర్వాత.