బ్రిటన్ రాజు మూడో జార్జ్‌కు వచ్చింది పార్ఫిరియానా, మానసిక జబ్బా?

నేనైతే బైపోలార్ అనే నమ్ముతాను, అంటే కొన్నాళ్లు పట్టలేని హుషారు, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే మానసిక జబ్బు. మా చిన్నాన్నకు ఆ జబ్బు ఉంది, చాలా ఏళ్లుగా దగ్గరుండి చూసుకుంటున్నాను.

పార్ఫిరియా అంటే రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం ఒంట్లో సరిగ్గా తయారుకాక వచ్చే జబ్బు. ఆ వాదన 1966లో వచ్చింది. ఐడా మెకాల్పైన్, రిచర్డ్ హంటర్ తల్లీకొడుకులు, ఇద్దరూ సైకియాట్రిస్టులే. రాజు వైద్యులు రాసిపెట్టినవి చదివి, కడుపునొప్పి, కాళ్లూచేతుల నీరసం, మూత్రం రంగు మారడం చూస్తే వంశపారంపర్యంగా వచ్చే పార్ఫిరియానే అన్నారు. మూత్రం నీలంగా ఉండటానికి ఆయనకిచ్చిన జెన్షియన్ అనే మొక్క మందు కారణం కావచ్చని తర్వాతి పరిశోధకులు అన్నారు.

నన్ను ఒప్పించింది మాత్రం ఆయన మాట తీరు. 1788 చివర్లో గొంతు బొంగురుపోయినా గంటల తరబడి ఆపకుండా మాట్లాడేవాడట. జబ్బు ముదిరినప్పుడు రాసిన ఉత్తరాల్లో ఒక్కో వాక్యం 400 పదాల దాకా సాగింది. మా చిన్నాన్నకు తిరగబెట్టినప్పుడూ అంతే. రాత్రి రెండింటికి పొలం లెక్క మొదలుపెడతాడు, అది తేలకముందే ఎవరిదో పెళ్లి కబురు, అందులోంచి ఎన్నికలు. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే ఒళ్లు తెలియని కోపం. నిద్ర ఉండదు, అలుపూ ఉండదు.

వైద్యం సంగతి చదివితే కడుపు తరుక్కుపోతుంది. ఫ్రాన్సిస్ విల్లిస్ అనే వైద్యుడు రాజంతటి వాడికి చేతులు కదలకుండా బిగించే చొక్కా తొడిగించాడు, కుర్చీకి కట్టించాడు. చర్మం బొబ్బలెక్కే మందులు పూశారు. ఆంటిమొని అనే విషపదార్థం ఉన్న పొడి మింగించారు. 2005లో ఆయన వెంట్రుకలు పరీక్షిస్తే ఆర్సెనిక్ అనే విషం చాలా ఎక్కువగా కనిపించింది. ఆ పొడిలో కల్తీగా ఉన్నదే ఒంట్లో చేరి పార్ఫిరియాను రేపి ఉంటుందని ఆ బృందం అంది. విషం మాట నమ్ముతాను, పార్ఫిరియా మాట కాదు. మా బంధువులు కూడా చిన్నాన్నది నరాల బలహీనత అనే చెప్పుకుంటారు. ఒంటి జబ్బయితే పరువు పోదని. రాజు విషయంలోనూ పార్ఫిరియా పేరు అంతమందికి నచ్చడానికి అదీ ఒక కారణం అనిపిస్తుంది.

1789లో కోలుకున్నాక 1801 దాకా ఆయన రాజ్యం చూసుకోగలిగాడు. మధ్యమధ్య ఇలా తేరుకోవడం బైపోలార్‌లో మామూలే. 1810లో కూతురు అమీలియా చావుబతుకుల్లో ఉన్నప్పుడు వచ్చిన జబ్బు మాత్రం మళ్లీ తగ్గలేదు. అప్పటికే చూపు పోతోంది, తర్వాత చెవుడూ వచ్చింది. 1820లో చనిపోయేదాకా పడ్డ ఆ అవస్థలో ముసలితనపు మతిమరుపు కూడా కలిసి ఉండొచ్చు.